నీ సైకిలుకు నా బిందెలు

ఇది నీకు అందదని తెలిసినా రాస్తున్నది తిట్టడానికే. ఈ రోజు నీ తద్దినం. పిట్టగోడ మీద పిండం పెట్టి ఎంతసేపు చూసినా కాకి రాలేదు. బతికుండగా మాత్రం, పిలవగానే అన్నానికి ఎప్పుడొచ్చావు?

"అన్న మనసంతా ఆ సైకిలు మీదే ఉండాది. ఇంగ దాన్ని ముట్టనని మాటియ్యి వదినా," అంది నీ చెల్లెలు.

ఇవ్వలేదు. నువ్వు పనిచేసే గని మూసేశాక పొద్దస్తమానం ఆ సైకిలును నూనెగుడ్డతో తుడుస్తూ కూర్చున్నావు. నేను చంకన బిందెతో నీ ముందు నుంచే కుళాయికి తిరిగాను. ఒక్క బిందె తగిలించమంటే హ్యాండిల్ వంగిపోతుందన్నావు. నా నడుము వంగిపోతుంటే నీకు కనబడలేదు. ఇప్పుడు రోజూ దానికి నాలుగు బిందెలు కట్టి తోసుకొస్తున్నాను. ఏమీ వంగలేదు.

చివరికి కాకి వచ్చింది. పిండం వైపు కూడా చూడకుండా నేరుగా సైకిలు సీటు మీద వాలింది. అందరూ దండం పెట్టారు. నేను మాత్రం దగ్గరికెళ్ళి గట్టిగా బెల్లు కొట్టాను.

"దిగు. కుళాయిలో నీళ్ళొచ్చే టైమయింది. నీ అన్నం ఆడ పెట్టినాను, పోయి తిను."