గోడకు చెవి పెట్టి విన్న సినిమా

1954 ఆగస్టు, శుక్రవారం

ఇంకా కోపం తగ్గలేదు. పది రోజులు విద్యాశాఖ ఆఫీసు చుట్టూ తిరిగి, ఆ సినిమా ప్రొజెక్టరును రిక్షాలో మద్రాసు తొండియార్‌పేటలోని మా బడి దాకా తెచ్చింది ఎవరి కోసం? ఇంగ్లీషంటే బిక్కచచ్చిపోయే నా మూడో క్లాసు పిల్లల కోసం. తీరా ఇంగ్లీషు సినిమా రీలు ఎక్కించాక హెడ్‌మాస్టరు వచ్చి, పలక మీద రాసే ఇంగ్లీషు పరీక్ష తప్పిన పన్నెండు మందిని లేపేశారు.

"ఫెయిలయినోళ్లకు సినిమా ఏందమ్మా? పక్క రూములో కూర్చుని ఏబీసీడీలు రాయనీండి."

వాళ్ల కోసమే తెచ్చానని చెప్పాల్సిన దాన్ని, "సరే సార్" అన్నాను. నా నోరు పడిపోనూ! లోపల మిగిలిన వాళ్లకు ఆ ఇంగ్లీషు ముందే వచ్చు.

బడి వదిలాక, ఆ పన్నెండు మందిలో ఒకతె, కనకం, నా కొంగు పట్టుకుంది. "వేర్ ఈజ్ మై డాగ్?" అంది, సినిమాలో పిల్లాడు ఏడ్చినట్టే, ఎక్కడా తడబడకుండా. పలక మీద ఒక్క మాట రాయలేని పిల్ల!

"గోడకు చెవి పెట్టి విన్నా టీచర్. ఆఖర్న సరిగా వినబళ్ళా. ఆ పిలకాయకు కుక్క దొరికిందా?"

దొరికిందన్నాను. ఎగురుకుంటూ వెళ్లిపోయింది.

వచ్చే పరీక్షా పలక మీద రాసేదే, నోటితో చెప్పేది కాదు. కనకం మళ్లీ తప్పుతుంది, ఈసారి సినిమా వేసినా మళ్లీ గోడవతలే కూర్చుంటుంది. నేను మళ్లీ "సరే సార్" అంటానేమో…