ఉచ్చుల మీద తడిమన్ను

మోంటానా, కొండకింది బీడు, జనవరి

తమ్ముడు ఐనార్‌కు,

నన్ను మోసం చేశావు. నువ్వు పంపింది పొడిమన్ను కాదు. ఉచ్చుల మీద కప్పిన మర్నాటికే గడ్డకట్టి రాయయింది. కయోటీ నక్క దాని మీద నిలబడినా ఉచ్చు మూసుకోలేదు; అక్కడే పెంట వేసి, మా గొర్రెల కాపరుల సంఘం మందలో చూలుగొర్రెను చంపిపోయింది.

"ఏం మరీటక్కా, నక్కలకి కుర్చీలేస్తున్నావా?" అని పొరుగు ఓడెల్ ఒకటే నవ్వు.

మంద తరిగి మేం బీడు వదులుకుంటే లాక్కోవడానికి కాచుకున్నది నువ్వు కొలువు చేసే ఆసామే కదా! వేసవిలో నేను అమ్మ ఇంటి అటక మీద ఆరబెట్టిన మన్ను ఎవరి ఉచ్చులకు చేరింది? నువ్వు పంపిన గోనెకు నేను కట్టిన ముడి ఏదీ?

అమ్మ దగ్గు తగ్గిందా? ఆమెను చలిలో తిరగనివ్వకు.

నాకు కావలసినవి:
అటక మీది పొడిమన్ను, రెండు గోనెలు.
ఉచ్చు కింద పరిచే మైనపుకాగితం.
నువ్వు ఎవరి పక్షమో, ఒక్క మాట.

మరీట్