ముప్కాల్ ఫోటోలో మిగిలిన ముఖం

గురువారం, రాత్రి

పసుపు సీజన్లో సెలవేమిటని సేటు ముఖం మాడ్చుకున్నా, ఆర్మూర్‌లో బస్సెక్కి ముప్కాల్ వెళ్లాను. రెండో ప్రపంచ యుద్ధంలో మలయా వెళ్లిన మన ప్రాంతపు పటాలం గురించి మూడేళ్లుగా వెతుకుతున్నాను. బెల్టు బిళ్లలు, పతకాలు దొరికాయి గానీ మనుషుల పేర్లే దొరకలేదు. మలయాలో చనిపోయిన ఒక సిపాయి కూతురు, ముప్కాల్‌లో ఉండే రాజవ్వ దగ్గర పన్నెండు మంది ఉన్న ఫోటో ఉందనీ, వెనక అందరి పేర్లూ ఉన్నాయనీ పోయిన వారమే తెలిసింది.

వెళ్తే గోడకు కొత్త ఫ్రేము. అందులో ఒక్కడే.

"అవ్వా, మిగతా వాళ్లేరి?"

"నువ్వొస్తున్నవని మా నాయననొక్కన్నే పెద్దగ చేయించినం బిడ్డా. పాతది చీకిపోయింది, స్టూడియోలనే పారేసిండ్రు" అంది మురిసిపోతూ.

స్టూడియోకు ఫోన్ చేశాను. చెత్తబండి పొద్దున్నే వెళ్లిపోయిందట. ఒక్క రోజు ముందు వెళ్లి ఉంటే! పదకొండు మంది పోయారు. ఆ ముసలామెను ఏమనగలను? ఇప్పటికీ కోపం దిగలేదు.

లేవబోతుంటే చెయ్యి పట్టుకుంది. "గన్ని పుస్తకాలు చదివినవు గద. మా నాయనకు గక్కడ కడుపునిండ బువ్వ దొరికెనా?"

"దొరికిందవ్వా" అన్నాను.

పటాలం జపాన్ సైన్యానికి లొంగిపోయాక బందీల శిబిరంలో వాళ్లకు ఏం పెట్టారో నేను చదివాను.