పార్సిల్ మీద నేనంటించిన చీటీ

వనపర్తి జిల్లా దవాఖాన ఎదురుంగ మెస్సు నడిపే నేను, కీర్తిశేషులు దేవదాసు పెద్దబిడ్డ సౌందర్య, ఇరవై ఏడేండ్లు, బి.కాం., తెలివి సక్కగున్నప్పుడు, ఎవరి ఒత్తిడి లేకుండ రాసుకున్న వీలునామా ఇది. వచ్చే సోమవారం హైదరాబాదుల నాకు గుండె ఆపరేషన్. పదిమందిల తొమ్మిదిమంది బాగైతరని డాక్టరు అన్నడు. ఆ పదో మనిషిని నేనైతే ఇది అమలు కావాలె.

1. మెస్సుల గిన్నెలు, పొయ్యిలు, సామానంత మా చిన్నమ్మ విజయమ్మకు. ఫుడ్ లైసెన్సు తన పేరు మీద కొత్తగ తీసుకోవాలె. జొన్నరొట్టె ఆమెలెక్క కొట్టుడు నాకు రాలే. రోజూ తిట్టింది, రోజూ నిజమే చెప్పింది.

2. తిండి ఆర్డర్లు తెచ్చే యాప్‌ల మా మెస్సు ఖాతా ఎవ్వరికీ రాసియ్యలేను. ఇంకొకరికి మార్చరాదని ఒప్పందంల ఉన్నది. ముప్పైఎనిమిది పేజీలు చదవకుండ ‘అంగీకరిస్తున్న’ మీద వేలు పెట్టింది నేనే, ఫస్టు క్లాసుల పాసైనదాన్ని.

3. ఆ యాప్ కంపెనీ మీద నేనేసిన కేసు నా చెల్లె స్వరూపకు. నా వారసురాలిగ కోర్టుల పేరెక్కించుకోవాలె. సంగతేందంటే, రోజూ మా దగ్గర పప్పు తెప్పించుకునే కురుమయ్య తాతకు డయాలసిస్, ఉప్పు తినొద్దు. యాప్‌ల ఆర్డరొస్తే ఆయన నంబరు మాకు కనిపియ్యదు. అందుకే పార్సిల్ మీద చీటీ అంటించిన: “ఇది ఉప్పులేని పప్పు. పార్సిల్ మారి ఉప్పు తగిలితే తినకుండ్రి, ఫోన్ చెయ్యుండ్రి.” కింద నా నంబరు. గిరాకిని సొంతానికి గుంజుకుంటున్నవని కంపెనీ మా మెస్సు పేరు తీసేసింది. తప్పు ఒప్పుకొని సంతకం పెడితే మళ్ల ఎక్కిస్తరట. స్వరూపా, పెట్టొద్దు. గిరాకి సగం పడిపోయిందని నాకు ఎరుకే. గని ఆ సంతకం పడితే రేపు ఏ మెస్సోళ్లూ రోగికి ఒక్క ముక్క రాయరు.

4. ఆ కాయిదం తెచ్చింది నాతోని డిగ్రీ చదివిన శ్రవణ్ కుమార్, కంపెనీ ఏరియా మేనేజరు. ఉత్త ఫార్మాలిటీ, పెట్టేయ్ అన్నడు. ఉత్తదైతే నా బదులు నువ్వే పెట్టు అన్న. కాయిదం మడిచి జేబుల పెట్టుకుండు. అతని మీద నా కోపం ఎవ్వరికీ రాసిస్తలేను, నాతోనే తీస్కపోత. ఆకలైతే మెస్సుకు రానియ్యుండ్రి. కూసోబెట్టి పెట్టుండ్రి, రెండో రొట్టె అడగకముందే వెయ్యుండ్రి.

5. స్కూటీ స్వరూపకు. ముందు బ్రేకు పట్టదు, బాగుచేయించినంకనే తోలాలె. తాత ఇంటికి పప్పు దానిమీదనే పోవాలె.

6. ఇదంత నడిపించే బాధ్యత మా లెక్చరర్ మాలతి మేడంది. జులై పద్నాలుగున వాయిదా. చీటీ రాసిందెవరని జడ్జిగారు అడిగితే, స్వరూప లేచి నిలబడి, “మా అక్క రాసింది సార్, ఇప్పుడు నేను రాస్తున్న” అని చెప్పాలె.

వనపర్తి, 5 జూన్ 2025
(సంతకం) డి. సౌందర్య

సాక్షులు:
గోవిందు, మెడికల్ షాపు
జములమ్మ, టైలరు