అంచులకే జిగురు

తమ్మీ నర్సింలూ,

మెట్‌పల్లిలో నువ్వు పోస్టర్లు అంటించిన టాకీసును నిన్న కూల్చారు. చాయ్ నెపంతో పోయి నిలబడ్డాను. ఆ చాయ్ సంగతి చెప్పకపోవడమే మేలు.

జేసీబీ వచ్చేసింది. పాత సినిమా బొమ్మలు పోగుచేసే అమ్మాయొకతె, "జర ఆగున్రి అన్నా" అని డ్రైవరును బతిమాలి, వరండా గోడ మీది పోస్టర్లను పొరలు పొరలుగా ఎత్తింది. అట్టడుగు పొరలోని హీరోయిన్ బుగ్గ ఎరుపు కూడా చెదరలేదు.

నువ్వు మైదా జిగురు అంచులకే పూసేవాడివి. "మైదా ఇంటికి మోస్తున్నవారా?" అని ఓనరు తిట్టేవాడు. "కింది బొమ్మ కరాబైతది సేటూ" అనేవాడివి.

"గింత పైలంగ ఎవలంటించిన్రు తాతా?" అందా అమ్మాయి.

"మా తమ్ముడు" అన్నాను.

నాకొకటి ఇచ్చింది. దండేసిన నీ ఫొటో పక్కన గోడకు అంటించాను. జిగురు అంచులకే పూశానులే.