ఉంచేసుకోమన్న మంచం

మామిడికుదురు క్యాంపు, 1983
మంగళవారం రాత్రి

కాలవగట్టు దిగేటప్పుడు జీపు మీది సామాను జారిపడి నా మడతమంచం విరిగింది. గుడారంలో నేలంతా చెమ్మ. మేం గుడారం వేసుకున్న తోట ఆసామి గారు అది చూసి, అడక్కుండానే ఇంట్లోంచి నవారు మంచం, పరుపు పంపించారు. చమురు సర్వే ఇంజనీరునని ఎంత మర్యాదో!

సాయంత్రం వచ్చి కూర్చుని, "తమరిదే ఊరండీ?" అన్నారు. రాజోలు పక్కన మాలపేటలో మా ఇల్లనీ, మా నాన్న ఈ ఆసామి గారి అన్నగారి దగ్గరే పాలేరుగా చేసేవారనీ చెప్పాను. ఆయన నవ్వు చెరగలేదు. "ఆయ్" అంటూ లేచారు.

"మంచం తిరిగి పంపే శ్రమ పెట్టుకోకండి. పరుపుతో సహా తమరే ఉంచేసుకోండి."

"ఎంత మంచోరండీ!" అని డ్రైవర్ సత్యం సంబరపడ్డాడు. అతనికి అర్థం కాలేదు. అయిందేమో కూడా...

టార్పాలిన్ పరుచుకుని నేల మీదే పడుకున్నాను. నడుం లాగేస్తోంది. పక్కనే మంచం ఖాళీగా ఉంది. రేపు క్యాంపు ఎత్తేస్తాం. జీపులో దానికి చోటు లేదు, ఉన్నా ఎక్కించను. ఆయన వీధి అరుగు ముందు దించేసి పోతాను. లోపలికెవరు తీసుకెళ్తారో చూడాలని ఉంది.

ఎవరూ తీసుకెళ్లరు. ఇక్కడి పేటలోంచి ఎవర్నో పిలిపించి పట్టుకుపొమ్మంటారు. అదీ మర్యాదగానే.