సలోమి సెలవు, సంఘం ఉపవాసం

ఆళ్లగడ్డ, డిసెంబరు 27

ఎస్తేరక్కకు సలోమి వందనాలు.

పదిన్నరకు సారమ్మ పిన్ని ఇంటికి చేరాను. నంద్యాలలో జొన్నరొట్టెల యూనిట్ పెట్టిన ఆరేళ్లలో ఇది నా మొదటి సెలవు. ఫోను నీ దగ్గరే ఉండనీ. పది రోజులు దాన్ని ముట్టను. అవసరమైతే కాగితం మీద రాసి మీ మరిది పౌలుకు ఇవ్వు. ఆయన కండక్టరుగా ఉన్న బస్సు రోజూ ఈ వీధి చివరే ఆగుతుంది.

ఏడాది చివర గుడిలో నిలబడి కృతజ్ఞతగా చెప్పాల్సిన సాక్ష్యం రాసి పంపుతున్నాను. రేపు ఆరాధనలో నా బదులు నువ్వు చదువు. మార్చిలో మిషను కాలిపోతే శివమ్మ పదకొండు రోజులు పిండి చేత్తో కలిపింది. ఆగస్టు వానలకు యూనిట్‌లోకి నీళ్లొస్తే మహాలక్ష్మి రొట్టెల పెట్టెలను తన మంచం మీద పెట్టి, తాను బల్ల మీద పడుకుంది. యూనిట్‌లో పనిచేసే మీ తొమ్మిదిమంది పేర్లూ రాశాను. ఒక్కటీ వదలొద్దు.

సెలవులో ఉన్న,
సలోమి

తా.క. నా కుర్చీలో ఎవరూ కూర్చోవద్దని రాయబోయి ఆగాను. నేనే ఎప్పుడూ కూర్చోలేదు.

నంద్యాల, డిసెంబరు 29

సలోమికి ఎస్తేరు వందనాలు.

నిన్న చదివాను. చదవకుండా ఉండాల్సింది. మన గుడిలో మనిషి ఎదురుగా లేకుండా సాక్ష్యం చదివింది ఇంతకుముందు ఒక్కసారే. తిమోతి మాస్టారు ఆసుపత్రి మంచం మీద నుంచి పంపారు. నాలుగో రోజు పోయారు. అందుకని నీ పేరు చెప్పగానే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పైగా అందరి పేర్లూ చెప్పి కృతజ్ఞతలు చెప్పావు. బతకాలనుకునే మనిషి అంతమందిని మెచ్చుకోదని వాళ్ల లెక్క. పాస్టరుగారు బుధవారం ఉపవాస ప్రార్థన పెట్టారు.

నీకు ఏం జబ్బో నాకైనా చెప్పు.

కాలూ చేయీ ఆడని,
ఎస్తేరు

తా.క. మహాలక్ష్మి మాత్రం ఏడవలేదు. "జబ్బు సంగతి తర్వాత చూద్దాం గానీ, సన్న జల్లెడ యాడ పెట్టిందో అడుగు" అంది.

ఆళ్లగడ్డ, డిసెంబరు 30

ఎస్తేరక్కకు వందనాలు.

నాకు ఏ జబ్బూ లేదు. నిజాలు రాస్తున్నాను, అందరికీ చదివి వినిపించు. పొద్దున ఎనిమిదికి మెలకువ వస్తుంది, లేవను. పిన్ని గిన్నె తెచ్చి పక్కన పెడితే తింటాను. నిన్న మొత్తం నాలుగు మాటలు మాట్లాడాను. ఇవాళ పదకొండింటికి మళ్లీ నిద్ర పట్టేసింది. మధ్యాహ్నం గోడ చూస్తూ కూర్చున్నాను. మనసులో ఏ ఆశా లేదు, ఏ భయమూ లేదు. ఇంత శాంతి నేనెప్పుడూ ఎరగను.

నిక్షేపంగా ఉన్న,
సలోమి

తా.క. జల్లెడ తలుపు వెనకాల ఉంది.

నంద్యాల, డిసెంబరు 31

సలోమికి వందనాలు.

నువ్వు చెప్పినట్టే ఉపవాస ప్రార్థనలో నీ ఉత్తరం చదివాను. "ఏ ఆశా లేదు" అన్నచోట పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. "శాంతి" అన్నచోట నర్సు ఎలిజబెత్ లేచి, చివరి గడియల్లో అందరికీ అట్లే ఉంటుందని చెప్పింది. ప్రార్థన ఇంకో వారం పొడిగించారు. మన రొట్టెలు కొనే హైదరాబాద్ కొట్టాయన నీ సంగతి విని ఫోను చేసి, నీ తర్వాత యూనిట్ ఎవరు చూస్తారని అడిగాడు. చూస్తామని చెప్పాను.

నీ క్షేమం కోరే,
ఎస్తేరు

తా.క. జల్లెడ దొరికింది. మహాలక్ష్మి ఇప్పుడు ఏడ్చింది. ఆ స్థితిలోనూ గుర్తు పెట్టుకున్నావట.

ఆళ్లగడ్డ, జనవరి 1

అక్కా,

ఇక చాలు. యజమాని మంచాన పడిందని తెలిస్తే ఆర్డర్లు పక్క ఊరికి పోతాయి. మీ తొమ్మిదిమంది పొయ్యిల సంగతేంది? ఎల్లుండి మొదటి బస్సుకు వస్తున్నాను. ఆదివారం గుడిలో నిలబడి నా ముఖం చూపిస్తాను. సెలవు అయిపోయింది.

సంచి సర్దుకుంటున్న,
సలోమి

తా.క. నా ఉత్తరాలు ఇక ఎక్కడా చదవొద్దు.

నంద్యాల, జనవరి 2

సలోమమ్మా,

సంచి విప్పు. నీకు జబ్బు లేదని నాకు మంగళవారమే తెలుసు. ఆ రోజు పదకొండింటికి శివమ్మా నేనూ మీ పిన్ని గడపలో ఉన్నాం. నువ్వు చాప మీద నోరు తెరుచుకుని గురకపెడుతున్నావు. లేపుతానని మీ పిన్ని వంగింది. శివమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆరేండ్ల నుంచీ ఈమె పండుకునేది నేను చూడలే. లేపితే పాపం తగుల్తాది. పోదాం పా" అంది. మీ పిన్ని చేత నీకు చెప్పనని మాట తీసుకుని, వచ్చిన బస్సుకే తిరిగొచ్చాం. ఉపవాస ప్రార్థన అయిన రాత్రి మిగతా ఏడుగురికీ చెప్పాం.

గుడిలో నేను అబద్ధం ఆడలేదు. నువ్వు రాసిందే చదివాను, ఒక్క మాట కలపలేదు. నీకు జబ్బన్న మాట పాకాక నీ ఫోనుకు తొందరపెట్టే కాల్ ఒక్కటీ రాలేదు. హైదరాబాద్ ఆయన, మెల్లగా పంపండమ్మా, ఆమెను మాత్రం కదిలించొద్దని అన్నాడు. ఆయన ఆర్డరు నిన్ననే పంపేశాం. ఒక్క రొట్టె విరగలేదు.

నువ్వు మా పేర్లన్నీ రాసి చదివించావు. శివమ్మకు రాయడం రాదు, నాకు గుడిలో నోరు పెగలదు. నీకు కృతజ్ఞత ఎట్లా చెప్పాలో మా తొమ్మిదిమందికీ తెలియలేదు. నిద్రపోనిచ్చాం.

నీ,
ఎస్తేరక్క

తా.క. నువ్వు కోలుకుంటావన్న విశ్వాసంతో పాస్టరుగారు పదో తేదీన కృతజ్ఞత కూడిక పెట్టారు. మూడువందల రొట్టెలకు మనకే ఆర్డరిచ్చారు. తొమ్మిదో తేదీ దాకా దయచేసి కోలుకోవద్దు.